48 పీఎస్ఐ చూపించిన టైరు: ఎలక్ట్రిక్ ట్రక్కు పంచర్, టైర్ల మార్పిడి ఖర్చు మీద ఒక కేస్ స్టడీ

ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చి వర్క్‌షాప్ ముందు ఆగింది. దాని మీద డబుల్ క్యాబిన్ ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు. కుడివైపు వెనక టైరు పూర్తిగా చప్పబడి, రిమ్ము అంచు టైరు మీద కూర్చుని ఉంది. ఓనరు దిగుతూనే అన్నాడు: "అన్నా, పంచరే కదా? స్క్రూ కనిపిస్తూనే ఉంది. ఒక ప్లగ్గు వేసి పంపించేయండి, సైట్ దగ్గర మనుషులు ఎదురుచూస్తున్నారు."

స్క్రూ నాకూ కనిపించింది. టైరుకు సరిగ్గా నడిమధ్యన దిగింది. రోడ్డుకు రాసుకుని రాసుకుని దాని తల మెరుస్తోంది. అంతకంటే సులువైన పంచర్ ఉండదు. నా చూపు మాత్రం స్క్రూ మీద లేదు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద, రిమ్ముకు రెండు వేళ్ల దూరంలో, టైరు చుట్టూ ఒక వెడల్పాటి చార తిరిగి ఉంది. అక్కడ రబ్బరు మీద అచ్చు అక్షరాలు సగం అరిగిపోయి నునుపెక్కాయి. చేత్తో తడిమితే మిగతా సైడ్‌వాల్ కంటే మెత్తగా తగిలింది.

అప్పుడే చెప్పాను: "ప్లగ్గుతో పోయే పని కాదు, విప్పి చూడాలి. మీరు సైట్‌కి ఫోన్ చేసి ఈ రోజు రాలేనని చెప్పేయండి."

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ పంచర్‌కు అయిన ఖర్చులో స్క్రూ వల్ల అయింది చాలా తక్కువ. హెచ్చరిక దీపం వెలిగాక నడిపిన పన్నెండు నిమిషాల్లోనే మొత్తం నష్టం జరిగింది. ఎలక్ట్రిక్ ట్రక్కుల విషయంలో ఇది నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఈసారి ఓనరు ఫోన్‌లో టైర్ల గాలి లెక్క నిమిషాలతో సహా దొరికింది కాబట్టి ఎక్కడ ఏం జరిగిందో పట్టుకోగలిగాను.

బండి వివరాలు

ఖాళీ బరువు సుమారు 3,200 కిలోలు. ఓనరుది సోలార్ ప్యానెళ్లు బిగించే పని. వెనక తొట్టిలో ఎప్పుడూ 300 కిలోల దాకా పనిముట్లు, రెయిలింగులు ఉంటాయి. ముందు ఒక మోటారు, వెనక ఒక మోటారు. ఎయిర్ సస్పెన్షన్. టైర్లు 275/50 ఆర్22, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) 115, ఎక్స్ఎల్ (మామూలు కంటే ఎక్కువ బరువు మోసే) రకం. లోపల శబ్దం తగ్గించే ఫోమ్ పట్టీ ఉంది. డోర్ పక్కన స్టిక్కర్ ప్రకారం చల్లగా ఉన్నప్పుడు నాలుగింట్లోనూ గాలి ఒత్తిడి 48 పీఎస్ఐ ఉండాలి. తిరిగింది 24,000 కిలోమీటర్లు. స్టెప్నీ లేదు, దాని బదులు సీలెంట్ సీసా, చిన్న కంప్రెసర్ ఉన్న కిట్ ఇచ్చారు.

బరువు సంగతి ముందే చెప్పాలి. ఎలక్ట్రిక్ ట్రక్కులో సగం కథ అదే. ఇదే సైజు పెట్రోలు, డీజిల్ పికప్పులు వందల కిలోలు తక్కువ తూగుతాయి. హమ్మర్ ఈవీ లాంటి పెద్ద బండి అయితే దాదాపు 4,100 కిలోలు ఉంటుంది, అందులో బ్యాటరీ ఒక్కటే 1,300 కిలోలకు పైన. ఆ బరువు మోసేది ఆ నాలుగు టైర్లే. గాలి నిండుగా ఉన్నంతసేపు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అసలు బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. ఆ గాలి పోవడం మొదలైతే తేలిక కారు టైరు ఇచ్చేంత వ్యవధి ఈ టైరు ఇవ్వదు. సైడ్‌వాల్ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన చోట లోపలి దారాలు రబ్బరు నుంచి విడిపోవడం మొదలవుతుంది.

ఆ ఉదయం

ఓనరు అంతకు ముందురోజే గాలి చెక్ చేయించాడు. పొద్దున 7 గంటలకు బయలుదేరినప్పుడు నాలుగూ 48. యాభై నిమిషాలు హైవే మీద నడిచాక, 7:50కి స్క్రీన్ మీద అంకెలు ఇలా ఉన్నాయి: ముందు రెండూ 52, ఎడమ వెనక 51, కుడి వెనక 48.

ఆ అంకెలు ఓనరు చూశాడు. చూసి ఏమనుకున్నాడో నాకు చెప్పాడు కూడా: "కుడి వెనకదే కరెక్ట్‌గా ఉంది, మిగతా మూడింట్లో కాస్త ఎక్కువ కొట్టినట్టున్నారు అనుకున్నాను అన్నా."

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. టైరు నడిచినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి ఒత్తిడి పెరుగుతుంది. ప్రతి ఐదారు డిగ్రీల వేడికీ ఒక పీఎస్ఐ, ఈ టైర్లలో ఇంకొంచెం ఎక్కువే పెరుగుతుంది. అరగంట, ముప్పావుగంట హైవే మీద పరిగెత్తిన టైరు 48 దగ్గరే ఆగిపోయిందంటే, పెరగాల్సిన మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కడికో పోతున్నట్టే. స్టిక్కర్‌తో పోలిస్తే ఆ టైరు సరిగ్గానే ఉంది. పక్క టైరుతో పోలిస్తే పంచర్ అయిపోయింది. బండి నడుస్తున్నప్పుడు ఏ టైరునైనా దాని జంట టైరుతోనే (అదే యాక్సిల్ మీద రెండో వైపుదానితో) పోల్చాలి. స్టిక్కర్ మీది అంకె పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవడానికి.

టీపీఎంఎస్ (టైర్లలో గాలి తగ్గితే చెప్పే వ్యవస్థ) హెచ్చరిక ఇక్కడ అక్కరకు రాలేదు. ఆ వ్యవస్థ సాధారణంగా స్టిక్కర్ అంకె కంటే పాతిక శాతం తగ్గినప్పుడు దీపం వెలిగిస్తుంది. 48లో పాతిక శాతం పోతే 36. అంటే వేడి మీద 52 ఉండాల్సిన టైరు 36కి దిగేదాకా దీపం వెలగదు. దీపం వెలగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం ఎంత సహజమో నాకు తెలుసు, నేనూ అలా అనుకున్న రోజులున్నాయి.

8:15కి 44. 8:35కి 36, దీపం వెలిగింది, అలారం మోగింది. అప్పటికి సైట్ ఇంకా 13 కిలోమీటర్లు. ఓనరు వేగం 45కి తగ్గించి, నెమ్మదిగా వెళ్తే ఏమీ కాదులే అనుకుని నడిపాడు. తర్వాతి అంకెలు వరసగా 27, 18, 9. దాదాపు 9 కిలోమీటర్లు వెళ్లాక వెనక నుంచి దడదడ శబ్దం రావడంతో పక్కకు తీసి ఆపాడు. అప్పుడు టైము 8:47.

మొదటి గంటకు పైగా మెల్లగా పోయిన గాలి చివరి పన్నెండు నిమిషాల్లో అంత వేగంగా ఎందుకు పోయింది? టైరు గట్టిగా ఉన్నప్పుడు స్క్రూ తన రంధ్రాన్ని తానే మూసుకుని ఉంటుంది. టైరు మెత్తబడ్డాక ప్రతి చుట్టుకూ రబ్బరు నలిగి, స్క్రూ పక్కలకు ఊగుతుంది. ఊగినకొద్దీ రంధ్రం తెరుచుకుంటుంది. నెమ్మదిగా నడిపితే వేడి కొంత తగ్గుతుంది, అది నిజమే. కానీ 9 పీఎస్ఐ ఉన్న టైరు మీద 800 కిలోలకు పైగా బరువు నిలబడితే, ఏ వేగంలోనైనా సైడ్‌వాల్ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలగాల్సిందే.

8:35కి ఆపి ఉంటే? 36 పీఎస్ఐతో ఉన్న టైరులో కంప్రెసర్‌తో గాలి నింపి, స్క్రూ పీకకుండా అలాగే ఉంచి, మధ్యలో ఆగి చూసుకుంటూ దగ్గరలోని టైర్ల షాపుకు వచ్చేయొచ్చు. స్క్రూ మందం 5 మిల్లీమీటర్లు, దిగింది గ్రిప్పు (రోడ్డును తాకే భాగం) మధ్యలో. చాలా చోట్ల పాటించే నియమం ప్రకారం గ్రిప్పు భాగంలో 6 మిల్లీమీటర్ల వరకు ఉన్న రంధ్రాన్ని లోపలి నుంచి ప్యాచ్ వేసి బాగుచేయొచ్చు. భుజం (గ్రిప్పు అంచు) మీద, సైడ్‌వాల్ మీద ఎంత చిన్న రంధ్రమైనా చేయకూడదు. ఈ టైరు ఆ నియమంలో హాయిగా ఇమిడేది.

రోడ్డు పక్కన

ఆపాక ఓనరు కిట్ తీశాడు. సీలెంట్ సీసా బిగించి కంప్రెసర్ ఆన్ చేశాడు. పది నిమిషాలు నడిచినా ముల్లు 20 దాటలేదు. కంప్రెసర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. స్క్రూ పక్క నుంచి తెల్లటి నురగ కారింది. సైడ్‌వాల్ మీద కూడా చెమ్మ కనిపించింది.

సీలెంట్ గ్రిప్పులోని చిన్న రంధ్రం కోసం చేసింది. గాలి లేకుండా నడిచి సైడ్‌వాల్ దెబ్బతిన్న టైరులో అది పోసినా దండగే. కిట్ కాగితం మీద ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోడ్డు పక్కన టెన్షన్‌లో ఉన్న మనిషి దాన్ని చదవడు. పోసిన సీలెంట్ వల్ల ఇంకో రెండు ఖర్చులు తగిలాయి, అవి తర్వాత చెబుతాను.

తర్వాత టోయింగ్. మొదట వచ్చిన బండి వెనక చక్రాలు మాత్రమే ఎత్తి లాక్కెళ్లే రకం. ఆ డ్రైవరే "ఇది ఎలక్ట్రిక్ సార్, ఇలా లాగను" అని తిరిగి వెళ్లిపోయాడట. ఆయనకు నేను చూడకుండానే దండం పెట్టాను. ఈ బండిలో మోటార్లు చక్రాలకు ఎప్పుడూ కలిసే ఉంటాయి. నేల మీద చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది, తిరిగితే కరెంటు పుడుతుంది. బండి ఆపి ఉన్నప్పుడు ఆ కరెంటు, ఆ వేడి ఎక్కడికి పోవాలి? నాలుగు చక్రాలూ నేల వదిలేలా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించడమే దారి. ఫ్లాట్‌బెడ్ కోసం రెండు గంటలు ఆగాల్సి వచ్చింది, దాని ఛార్జీ కూడా ఎక్కువే.

బండి ఎత్తడం

ఎలక్ట్రిక్ బండి కొత్తగా వచ్చే ఏ షాపులోనైనా నాకు భయం ఇక్కడే. పంచర్ పనిలో బ్యాటరీ పాడయ్యే అవకాశం ఉన్న ఒకే ఒక్క ఘట్టం జాకీ పెట్టడం. బండి అడుగున ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా బ్యాటరీ పరుచుకుని ఉంటుంది. దాని అడుగు రేకు బల్లపరుపుగా, గట్టిగా కనిపిస్తుంది, కుర్రాళ్లు ఛాసిస్ అనుకుని ట్రాలీ జాకీ అక్కడే తోసేస్తారు. ఒక్క సొట్ట పడితే చాలు, పంచర్ కోసం వచ్చిన బండి బ్యాటరీ తనిఖీకి వెళ్లాల్సి వస్తుంది. టైరు ఖర్చు దాని ముందు లెక్కలోకే రాదు.

మా దగ్గర పద్ధతి ఇది. ముందు స్క్రీన్‌లో జాక్ మోడ్ పెడతాం. పెట్టకపోతే ఎయిర్ సస్పెన్షన్ బండి ఎత్తు మారిందనుకుని సరిచేయడానికి చూస్తుంది, జాకీ మీద ఉన్న బండి కదులుతుంది. తర్వాత మాన్యువల్‌లో చూపిన నాలుగు పాయింట్లు వెతికి, రబ్బరు బిళ్ల పెట్టి, 4 టన్నుల జాకీతో ఎత్తుతాం. మామూలు కార్లకు వాడే 2 టన్నుల జాకీ ఈ బండి దగ్గరికి తీసుకురానివ్వను. కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పుతాం.

చక్రం కూడా బరువే. నడుం పట్టేయకుండా ఇద్దరం కలిసి దింపాం.

టైరు విప్పాక

బీడ్ (రిమ్ముకు పట్టుకునే టైరు అంచు) వదులు చేసి టైరు రిమ్ము నుంచి తీయగానే, సీలెంట్‌తో కలిసి నల్లటి పొడి ముద్దలు ముద్దలుగా జారింది. కాఫీ పొడి తడిసినట్టు ఉంది. అది టైరు లోపలి గోడ రబ్బరే. సైడ్‌వాల్ రెండుగా మడతపడి దానికదే రాసుకుంటే లోపలి పొర అలా పొడిగా రాలుతుంది. లైటు పెట్టి చూస్తే లోపల చుట్టూ చార, దాని మీద ముడతలు, రెండు చోట్ల దారాలు బయటికి కనిపిస్తున్నాయి.

ఓనరును పిలిచి వేలితో తాకి చూడమన్నాను. టైరు ఎందుకు పనికిరాదో నోటితో పదిసార్లు చెప్పేకంటే ఆ పొడి ఒకసారి వేలికి అంటుకోవడం మేలు. ఆయన వేలు చూసుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "బయటి నుంచి స్ట్రిప్ వేసి ఉంటే?"

వేస్తే నిలబడేది. గాలి ఆగేది, బండి కదిలేది, ఆయన సైట్‌కు వెళ్లేవాడు. లోపలి దారాలు తెగిన ఆ సైడ్‌వాల్ ఇంకో వారానికో, నెలకో, నిండు లోడుతో హైవే మీద ఉన్నప్పుడు పగిలేది. విప్పకుండా బయటి నుంచి వేసిన పంచర్‌ను నేను పూర్తి రిపేరుగా ఒప్పుకోను. లోపల చూడకుండా ఆ టైరు బతికుందో లేదో ఎవరికీ తెలియదు. మూడు టన్నులు దాటిన బండికి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

సీలెంట్ తెచ్చిన అదనపు పనులు రెండని చెప్పాను కదా. టీపీఎంఎస్ సెన్సారు గాలి రంధ్రం జిగురుతో మూసుకుపోయింది. కడిగి, ఆరబెట్టి చూశాం, రీడింగ్ రాలేదు. కొత్తది వేయాల్సి వచ్చింది. రెండోది, రిమ్ము లోపల గట్టిపడిన జిగురంతా గీకి శుభ్రం చేయడం. అది వదిలేస్తే బ్యాలెన్సింగ్ కుదరదు.

లోపలి ఫోమ్ గురించి ఒక మాట. కొన్ని ఈవీ టైర్లలో గ్రిప్పు వెనక వైపున స్పాంజి లాంటి పట్టీ అంటించి ఉంటుంది. ఇంజన్ శబ్దం లేని బండిలో టైరు లోపలి గాలి గుయ్‌మనే మోత బాగా వినిపిస్తుంది కాబట్టి దాన్ని పీల్చుకోవడానికి పెడతారు. కొందరు షాపువాళ్లు ఫోమ్ చూసి "దీనికి పంచర్ పడదు, కొత్తదే వేయాలి" అనేస్తారు. అది సరికాదు. రంధ్రం ఉన్న చోట జానెడు మేర ఫోమ్ కోసి, ప్లాస్టిక్ గరిటెతో జిగురు గీకి, ఆ చోటు రుద్ది, మష్రూమ్ ప్లగ్ (లోపలి నుంచి వేసే, గొడుగు ఆకారపు ప్యాచ్) వేయొచ్చు. ఓ అరగంట ఎక్కువ పడుతుంది, అంతే. ఈ టైరు పోయింది ఫోమ్ వల్ల కాదు.

ఒకటా, రెండా, నాలుగా

అసలు డబ్బు ప్రశ్న ఇది. ఓనరు ఫోన్‌లో ఎవరో స్నేహితుడు "ఫోర్ వీల్ డ్రైవ్ కదా, నాలుగూ మార్చాల్సిందే" అన్నారట. ఇంకో షాపులో అడిగితే "ఒక్కటి చాలు" అన్నారట. రెండు మాటలూ కొలవకుండా చెప్పినవే.

గ్రిప్పు లోతు కొలిచాను. ముందు రెండూ 6.0 మిల్లీమీటర్లు. ఎడమ వెనక 5.0. కొత్త టైరుకు 8.5. వెనకవి ఎక్కువ అరగడానికి కారణం, ఈ బండి మామూలు డ్రైవింగ్‌లో ఎక్కువగా వెనక మోటారునే వాడుకుంటుంది. కాలు తీసినప్పుడు రీజెన్ బ్రేకింగ్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ కరెంటు పుట్టించడం) కూడా ఆ టైర్ల మీదే ఎక్కువ పడుతుంది. 24,000 కిలోమీటర్లలో టైర్లు ముందువెనకలు మార్చింది ఒక్కసారే.

ఒక్క కొత్త టైరే వేస్తే వెనక యాక్సిల్ మీద ఒకవైపు 8.5, ఇంకోవైపు 5.0. లోతులో 3.5 తేడా అంటే వ్యాసంలో 7 మిల్లీమీటర్లు. ఈ టైరు వ్యాసం 834 మిల్లీమీటర్లు, కాబట్టి తేడా సుమారు 0.84 శాతం. వినడానికి చిన్నదే. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ చక్రం నిమిషానికి దాదాపు 650 చుట్లు తిరుగుతుంది. రెండు చక్రాల మధ్య నిమిషానికి ఐదు చుట్లకు పైగా తేడా వస్తుంది. తిన్నటి రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ గేర్లు (రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేవి) ఒక్క క్షణం ఊరుకోకుండా ఆ తేడాను సర్దుతూనే ఉండాలి. ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఆ తేడాను గమనిస్తూనే ఉంటుంది. ఈ బండి మాన్యువల్ ఒకే యాక్సిల్ మీద టైర్ల తేడా 2 మిల్లీమీటర్లు దాటొద్దంటుంది. కాబట్టి ఒక్కటి చాలదు.

మరి నాలుగు అవసరమా? పాతకాలం ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక యాక్సిళ్లను ఇనుప షాఫ్టు కలుపుతుంది. అక్కడ ముందు వెనక టైర్ల సైజు తేడా వస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు యాక్సిళ్లకూ శక్తి పంచే గేర్‌బాక్సు) మీద ఒత్తిడి పడుతుంది, అందుకే నాలుగూ కలిపి మార్చమనే మాట పుట్టింది. ఈ బండిలో ఆ షాఫ్టే లేదు. ముందు మోటారు వేరు, వెనక మోటారు వేరు, మధ్యలో ఉన్నది వైర్లు, సాఫ్ట్‌వేరు. మాన్యువల్ అనుమతించిన మేరకు ముందు 6.0, వెనక 8.5 ఉన్నా గేర్లకు ఇబ్బంది లేదు. పాత బండ్ల నియమాన్ని ఎలక్ట్రిక్ ట్రక్కుకు తగిలించి మంచి టైర్లు రెండు పారేయించడం నాకు మనసొప్పదు. అన్ని ఎలక్ట్రిక్ ట్రక్కులూ ఒకేలా ఉండవు కాబట్టి ప్రతి బండికీ మాన్యువల్ తెరిచే మాట్లాడతాను.

కొత్త టైరును యంత్రం మీద చెక్కి 5 మిల్లీమీటర్లకు తగ్గించి పాతదానికి జతచేసే పద్ధతి కూడా ఉంది. మిగతా మూడు టైర్లూ దాదాపు కొత్తగా ఉండి, తగ్గించాల్సింది ఒకటి రెండు మిల్లీమీటర్లే అయితే అది మంచి బేరం. ఇక్కడ 3.5 మిల్లీమీటర్లు చెక్కాలంటే కొన్న గ్రిప్పులో సగం దుమ్ములో పోసినట్టు. వద్దన్నాను.

రెండు వేయాలని తేలాక మిగిలింది ఎడమ వెనక టైరు. దానికి 5.0 ఉంది. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6. అంటే వాడుకోదగ్గ 6.9 మిల్లీమీటర్లలో ఇంకా 3.4 మిగిలే ఉంది, దాదాపు సగం ఆయుష్షు. దాన్ని పాత టైర్ల కుప్పలో వేయడానికి చెయ్యి రాలేదు. అప్పుడే ఓనరుతో అన్నాను: "మీకు స్టెప్నీ లేదు కదా. ఇదే సైజు పాత రిమ్ము ఒకటి దొరికితే దీన్ని దానికెక్కించి తొట్టిలో వేసుకోండి."

ఆయన ముందు ఒప్పుకోలేదు. బరువు, రేంజ్, చోటు అంటూ లెక్కలు చెప్పాడు. మూడు టన్నుల బండిలో నలభై కిలోల చక్రం రేంజ్‌ను ఎంత తింటుంది? తొట్టిలోని 300 కిలోల పనిముట్ల పక్కన అది కనిపించను కూడా కనిపించదు. ఆ రోజు ఫ్లాట్‌బెడ్ రసీదు బల్ల మీదే ఉంది. దాన్ని చూపించాను.

తక్కువ ధర టైరు

టైర్లు తెప్పించేలోపు ఓనరు ఫోన్‌లో వెతికి ఇదే సైజు, ఇదే అంకెలు, ధరలో మాత్రం పాతిక శాతం తక్కువ ఉన్న టైరు చూపించాడు. "275/50 ఆర్22 అన్నా, అచ్చం ఇదే."

అచ్చం ఇదే కాదు. చివర లోడ్ ఇండెక్స్ 111 అని ఉంది. 111 అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుంది. బండితో వచ్చిన 115 అంటే 1,215 కిలోలు. డోర్ స్టిక్కర్ మీద వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు 2,240 కిలోలు, అంటే ఒక్కో చక్రానికి 1,120. ఆ చవక టైరు కొత్తగా ఉన్నప్పుడే 30 కిలోలు తక్కువ పడుతోంది. సైజు సరిపోయింది, రిమ్ముకు ఎక్కుతుంది, చూడ్డానికి తేడా తెలియదు. ఎలక్ట్రిక్ ట్రక్కు టైర్ల ధర ఎందుకంత ఎక్కువ అని అడిగేవాళ్లకు సగం జవాబు ఆ నాలుగు పాయింట్లలోనే ఉంది. అదే సైజులో లోపలి అల్లిక బలంగా, బీడ్ గట్టిగా ఉండాలి. ఈ అవసరం ఎంత పెరిగిందంటే ఎక్స్ఎల్‌ను మించి బరువు మోసే హెచ్ఎల్ అనే కొత్త తరగతే వచ్చింది. బండికి హెచ్ఎల్ గుర్తు ఉన్న టైర్లు వస్తే, మార్చేటప్పుడూ హెచ్ఎల్లే వేయాలి.

ఫోమ్ విషయంలో నేను అంత పట్టుబట్టను. ఫోమ్ లేని టైరు వేస్తే మోత పెరుగుతుంది, ప్రమాదం రాదు. లోడ్ ఇండెక్స్ తగ్గిస్తే మాత్రం ఒప్పుకోను. ఓనరు చివరికి లోడ్ ఇండెక్స్ 115 ఉన్నవే, ఫోమ్ లేని రకం తీసుకున్నాడు. ఫోమ్ టైరుకు పెట్టాల్సిన డబ్బుతో పోలిస్తే కొంత మిగిలింది.

బిల్లు

కొత్తగా వేసిన టైరు ఒక్కదాని ధర 100 అనుకుందాం. ఫ్లాట్‌బెడ్‌కు 70. రెండు టైర్లకు 200. బిగింపు, బ్యాలెన్సింగ్, రిమ్ము శుభ్రం కలిపి 12. సెన్సారు 18. పాత రిమ్ము 55. అలైన్‌మెంట్ 15. మొత్తం 370. అందులో రిమ్ము ఆయన స్టెప్నీ కోసం ఇష్టపడి పెట్టుకున్న ఖర్చు, అది తీసేస్తే 315. ఒకటిన్నర రోజు పని పోవడం ఈ లెక్కలో లేదు.

8:35కి ఆపి, గాలి నింపుకుంటూ వచ్చి ఉంటే ఫోమ్ కోసి ప్యాచ్ వేసినందుకు నేను తీసుకునేది 10. సీలెంట్ పోయలేదు కాబట్టి సెన్సారు పోయేది కాదు. జంట టైరు మార్చాల్సిన పని రాదు. ఫ్లాట్‌బెడ్ అక్కర్లేదు. బిల్లు చేతికిచ్చినప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఇచ్చాను. ఆయన్ను తప్పుపట్టడానికి రాయలేదు. బండి అమ్మినప్పుడు ఈ సంగతులేవీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. కిట్ ఎక్కడుందో చూపించారంతే.

నట్లు మాన్యువల్ ప్రకారం 175 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగించామో కొలిచే పానా) బిగించాను. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వచ్చి చూపించుకోమన్నాను, వచ్చాడు. ప్రతి 8,000 కిలోమీటర్లకు టైర్లు ముందువెనకలు మార్చే తేదీలు కార్డు మీద రాసిచ్చాను. కొత్తవి రెండూ ప్రస్తుతం వెనకే ఉంచాం.

ఆ తర్వాత

ఐదు వారాల తర్వాత ఓ పొద్దున ఫోన్‌కు ఫొటో వచ్చింది. బండి స్క్రీన్, నాలుగు అంకెలు: 52, 52, 52, 49. కింద మెసేజ్: "అన్నా, పక్కకు ఆపాను. మళ్లీ కుడి వెనకే. చుట్టూ చూశాను, మేకు లేదు. స్టెప్నీ వేసుకుని రమ్మంటారా, గాలి కొట్టుకుని రానా?"

దీపం వెలగకముందే, మూడు పీఎస్ఐ తేడా దగ్గరే ఆపాడు. గాలి నింపుకుని, మధ్యలో ఒకసారి ఆగి చూసుకుని రమ్మన్నాను. వచ్చేసరికి 48 ఉంది. సబ్బు నీళ్లు కొట్టి గ్రిప్పంతా వెతికాం, బుడగల్లేవు. సైడ్‌వాల్, బీడ్ కూడా బాగానే ఉన్నాయి. వాల్వు మొదట్లో, రిమ్ములోకి వెళ్లే చోట, ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి పగిలింది. మళ్లీ ఉబ్బింది.

సీలెంట్ వల్ల పాడైన సెన్సారు స్థానంలో నేను వేసిన కొత్త సెన్సారు వాల్వు అది. దాని నట్టు చేతి అంచనాతో బిగించాను. చక్రం నట్లకు టార్క్ రెంచ్ వాడే నేను ఈ చిన్న నట్టును అంచనాకు వదిలేశాను. గాలి దింపి, రబ్బరు వాషరు మార్చి, చిన్న టార్క్ రెంచ్‌తో సెన్సారు కాగితంలో చెప్పినంతే బిగించి, మళ్లీ సబ్బు నీళ్లు కొట్టి పది నిమిషాలు చూశాం. బుడగ రాలేదు. డబ్బులు తీసుకోలేదు. ఆ నెలలో నేను సెన్సార్లు మార్చిన మరో మూడు బండ్ల వాళ్లకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి రమ్మన్నాను. ఇద్దరివి బాగానే ఉన్నాయి, ఒకరిది కాస్త వదులుగా ఉంటే బిగించి పంపాను.